సొంతంగా 48 వోల్టుల ప్యాక్: నా లెక్క ఒకసారి చూసి పెట్టండి

కొత్తచక్రం

అందరికీ నమస్కారం. మామూలు గేర్ సైకిల్‌కి వెనక చక్రంలో 1000 వాట్ల హబ్ మోటార్ బిగించాను. మోటార్‌కి ఎంత కరెంటు వెళ్లాలో చూసుకునే కంట్రోలర్ 48 వోల్టులది, గరిష్ఠంగా 25 ఆంప్స్ లాగుతుందని దాని మీద రాసి ఉంది. ఇక బ్యాటరీ ఒక్కటే మిగిలింది. రెడీమేడ్ ప్యాక్‌లు ఏవీ నా ఫ్రేమ్ మధ్య త్రికోణంలో పట్టట్లేదు, అందుకే సొంతంగా కట్టుకుందామని చూస్తున్నా.

ప్లాన్ ఇదీ. పాత లాప్‌టాప్ బ్యాటరీల్లోంచి తీసిన 18650 సెల్స్ (18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 పొడవున్న గుండ్రటి లిథియం సెల్స్) బోలెడు ఉన్నాయి. టెస్ట్ చేస్తే 2200 ఎంఏహెచ్ (మిల్లీ ఆంప్ అవర్లు) చుట్టుపక్కల చూపించినవి ఏరి పక్కన పెట్టాను. 13 సిరీస్, 10 పారలల్: పదేసి సెల్స్ పారలల్‌లో కలిపి ఒక గ్రూపు, అలాంటి 13 గ్రూపులు ఒకదాని తర్వాత ఒకటి. అంటే 130 సెల్స్, 22 ఏహెచ్. పావుకిలో కూడా బరువుండని నికెల్ పట్టీ చుట్ట ఒకటి, 0.15 మిల్లీమీటర్ల మందం, 8 మిల్లీమీటర్ల వెడల్పు. 30 ఆంప్స్ బీఎంఎస్ (సెల్స్‌ని కనిపెట్టుకుని కాపాడే సర్క్యూట్ బోర్డు). రోజూ 35 కిలోమీటర్లు తిరగాలి, దారిలో గట్టి ఎత్తు ఒకటుంది. నేనూ సైకిలూ కలిపి 110 కిలోలు.

తేడా ఏమైనా ఉంటే ఇప్పుడే చెప్పండి. వెల్డింగ్ మొదలయ్యాక చెప్తే ఏం లాభం.

ఓమ్‌శాంతి

స్వాగతం. అందరూ చేసినట్టే మీరూ ఏహెచ్ నుంచి మొదలుపెట్టారు. నేనైతే ఆంప్స్ నుంచి మొదలుపెట్టమంటాను. ప్యాక్ ఎంత దూరం తీసుకెళ్తుందన్నది రెండో ప్రశ్న. ఎత్తు మీద ఎంత కరెంటు ఇవ్వాలి, ఎంతసేపు ఇవ్వాలి అన్నది మొదటిది.

మీ ఎత్తు 8 శాతం వాలు అనుకుందాం, 20 కిలోమీటర్ల వేగంతో ఎక్కుతున్నారు. 110 కిలోల బరువును పైకి లాగడానికే సుమారు 480 వాట్లు కావాలి. టైర్ల రాపిడికి ఇంకో 60, గాలికి ఇంకో 60. మొత్తం 600. మోటారూ కంట్రోలరూ కలిసి 75 శాతం సామర్థ్యంతో పనిచేస్తాయనుకుంటే బ్యాటరీ నుంచి 800 వాట్లు రావాలి. అంటే 17 ఆంప్స్ దాకా, ఎత్తు అయ్యేవరకూ ఆగకుండా. త్రాటిల్ పూర్తిగా తిప్పితే 25.

దూరం సంగతి దీంతో పోలిస్తే తేలిక. పెడల్ పెద్దగా తొక్కకుండా వెళ్తే ఇలాంటి బండి కిలోమీటరుకి 15 వాట్ అవర్లు తింటుందనుకోండి. 35 కిలోమీటర్లకి 525. బ్యాటరీని పూర్తిగా నింపకుండా, పూర్తిగా ఖాళీ చేయకుండా వాడాలంటే 700 నుంచి 900 మధ్య ఉంటే హాయిగా సరిపోతుంది. మీ ప్లాన్ 1030 దాకా వస్తోంది. కెపాసిటీ చాలడం లేదన్నది మీ సమస్య కాదు.

రాత్రి_వెల్డర్

లాప్‌టాప్ సెల్స్ అనగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి.

బ్రో, 2200 చూపించింది సరే, మిగతా రెండు పరీక్షలు చేశావా? ఒకటి, అంతర్నిరోధం. రెండోది, ఫుల్ చార్జ్ చేసి కొన్ని వారాలు అలా వదిలేస్తే వోల్టేజ్ ఎంత పడిపోతోంది. రెండోదే ముఖ్యం. కెపాసిటీ బాగానే చూపించి లోపల్లోపల తనంతట తనే ఖాళీ అయ్యే సెల్ ఒకటి ఉంటుంది చూడు, అది తొమ్మిది మంచి సెల్స్ మధ్య దాక్కుంటుంది. బీఎంఎస్‌కి కనిపించేది ఆ పది సెల్స్ గ్రూపు మొత్తం వోల్టేజే, అందులో ఎవరు దొంగో దానికి తెలీదు. ఆ గ్రూపు నెమ్మదిగా మిగతా పన్నెండింటికన్నా కిందికి జారుతూ ఉంటుంది. నువ్వేమో బ్యాలెన్సింగ్ (గ్రూపులన్నిటినీ ఒకే వోల్టేజ్‌కి తేవడం) పనిచేయట్లేదని బీఎంఎస్‌ని తిట్టుకుంటూ కూర్చుంటావు.

కొత్తచక్రం

అంతర్నిరోధం చూశాను రాత్రి_వెల్డర్ గారూ, 70 నుంచి 95 మిల్లీ ఓమ్స్ మధ్య ఉన్నాయి. వారాల తరబడి వదిలేసే పరీక్ష చేయలేదు. కానీ పది పారలల్‌లో ఉన్నాయి కదా, ఒక్కో సెల్ మీద పడేది 2.5 ఆంప్స్ మాత్రమే. అంత తక్కువకి కూడా పనికిరావా?

ఓమ్‌శాంతి

న్యాయంగా చెప్పాలంటే కరెంటు లెక్కలో మీ పాత సెల్స్ ఓడిపోవు. సగటున 80 మిల్లీ ఓమ్స్ అనుకుంటే ఒక గ్రూపుకి 8, పదమూడు గ్రూపులకి 104 మిల్లీ ఓమ్స్. 25 ఆంప్స్ లాగితే ప్యాక్ వోల్టేజ్ 2.6 వోల్టులు కుంగుతుంది. కొత్త 21700 సెల్స్ (21 మిల్లీమీటర్ల వ్యాసం, 70 పొడవు), శాంసంగ్ 50ఈ లాంటివి 4 పారలల్‌లో పెట్టి, ఒక్కోటి 30 మిల్లీ ఓమ్స్ అనుకున్నా 2.4 వోల్టుల కుంగుబాటు వస్తుంది. పెద్ద తేడా లేదు.

తేడా మిగతా చోట్ల వస్తుంది. 18650 ఒక్కోటి 45 గ్రాముల పైమాటే, 130 సెల్స్ అంటే దాదాపు ఆరు కిలోలు. 50ఈ సెల్స్ 52 చాలు, మూడున్నర కిలోల చిల్లర, 917 వాట్ అవర్లు. వెల్డ్ చేయాల్సిన కొనలు 260 బదులు 104. ఇంకోటి, ఒక సెల్ లోపల షార్ట్ అయితే పక్కనున్న తొమ్మిదీ తమ శక్తినంతా దాంట్లోకే కుమ్మరిస్తాయి. నాలుగు పారలల్‌లో అయితే కుమ్మరించేవి మూడే. 2008లో వచ్చిన టెస్లా రోడ్‌స్టర్‌లో 6,831 సెల్స్ ఉండేవి. ప్రతి సెల్‌కీ విడివిడిగా ఫ్యూజ్ పెట్టారు. పారలల్ సంఖ్య పెరిగేకొద్దీ ఒక్క సెల్ చెడితే జరిగే నష్టం పెరుగుతుందని వాళ్లకి తెలుసు కాబట్టే.

పాత సెల్స్‌ని ఇంట్లో ఒక మూల కదలకుండా ఉండే పవర్ బ్యాంక్‌కి వాడుకోండి, అది కూడా సెల్‌కో ఫ్యూజ్ పెట్టి. గుంతల్లో ఎగిరే సైకిల్ మీద, కాళ్ల మధ్యలో, వద్దు.

మూడోచక్రం

అందరూ ఎన్‌ఎంసీ లాంటి, నికెల్, కోబాల్ట్ వాడే లిథియం సెల్స్ గురించే మాట్లాడుతున్నారు. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) ఎందుకు కాకూడదు? నాది సామాన్లు మోసే మూడు చక్రాల బండి, 16 సిరీస్ ఎల్‌ఎఫ్‌పీ మీదే నడుస్తోంది. సెల్‌కి 3.2 చొప్పున 51.2 వోల్టులు, ఫుల్ చార్జ్ 58.4. ఎన్‌ఎంసీ కన్నా చార్జ్ సైకిళ్లు చాలా ఎక్కువ వస్తాయి. సెల్ వేడెక్కి అదుపు తప్పే ఉష్ణోగ్రత కూడా ఎన్‌ఎంసీ కన్నా పైన ఉంటుంది, ఐరన్ ఫాస్ఫేట్ అంత తేలిగ్గా ఆక్సిజన్ వదలదు. సొంతంగా మొదటిసారి కట్టేవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి?

ఓమ్‌శాంతి

మీ బండికి అది సరైన ఎంపికే. వీరి ఫ్రేమ్ త్రికోణంలో పట్టాలి కదా. అదే శక్తికి ఎల్‌ఎఫ్‌పీ బరువూ, అంతకన్నా ముఖ్యంగా చోటూ బాగా ఎక్కువ కావాలి. పెద్ద చదరపు సెల్స్ అయితే త్రికోణంలో కూర్చోనే కూర్చోవు. స్థూపాకారం 32700 సెల్స్ దొరుకుతాయి, ఒక్కోటి 6 ఏహెచ్. 16 సిరీస్, 3 పారలల్ అంటే 48 సెల్స్, 18 ఏహెచ్. కెపాసిటీ చూస్తే 52 సెల్స్ 50ఈకి దగ్గరగానే ఉంది. కానీ ఒక్కో సెల్ 32 మిల్లీమీటర్ల వ్యాసం, బరువు 140 గ్రాముల దరిదాపు. మొత్తం ఆరున్నర కిలోలు దాటుతుంది.

కొత్తచక్రం గారు కంట్రోలర్ విప్పి లోపల కెపాసిటర్ల మీద ఏం రాసి ఉందో చూడాలి. 63 వోల్టులవైతే 58.4 ఫర్వాలేదు గానీ పెద్దగా మిగులు ఉండదు.

మూడోచక్రం

ఒప్పుకుంటున్నా, త్రికోణంలో కష్టమే. ఇంకో మాట నేనే చెప్పాలి. ఎల్‌ఎఫ్‌పీ వోల్టేజ్ మధ్యలో చాలాసేపు కదలదు. అందుకే వోల్టేజ్ చూసి ఎంత చార్జ్ మిగిలిందో చెప్పే డిస్‌ప్లేలు దీంతో అబద్ధాలు ఆడతాయి. మూడు గీతలు చూపిస్తూ చూపిస్తూ ఒక్కసారిగా బండి ఆగిపోతుంది. వెళ్లిన ఆంప్స్ లెక్కపెట్టే షంట్ మీటర్ పెట్టుకోవాల్సిందే.

పెడల్‌పిల్ల

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. స్పాట్ వెల్డర్ లేకుండా సోల్డరింగ్‌తో కట్టొచ్చా? ఎక్కడో వీడియోలో చేశారు.

నికెల్‌పట్టీ

వీడియోలో చేశారు, వాళ్ల ప్యాక్ తర్వాత ఏమైందో వీడియోలో ఉండదు. సోల్డరింగ్ ఐరన్ మొన 350 డిగ్రీల దగ్గర ఉంటుంది. సెల్ లోపల పాజిటివ్, నెగటివ్ పొరల్ని విడదీసే ప్లాస్టిక్ పొర పాలిథిలీన్ అయితే 130 డిగ్రీల దగ్గరే కరగడం మొదలవుతుంది. ముఖ్యంగా సెల్ అడుగు, అంటే నెగటివ్ వైపు, డబ్బా మొత్తం వేడిని లాక్కుంటుంది కాబట్టి సోల్డర్ అంటుకోవడానికి ఐరన్‌ని ఎక్కువసేపు పట్టుకోవాలి. స్పాట్ వెల్డర్ పల్స్ కొన్ని మిల్లీ సెకన్లే, వేడి లోపలికి చేరేలోపు పని అయిపోతుంది. సోల్డరింగ్ చేయాల్సి వస్తే నికెల్ మీద చేయండి, అది కూడా సెల్‌కి వెల్డ్ చేయకముందు.

పెడల్‌పిల్ల

అర్థమైంది, థాంక్యూ.

కొత్తచక్రం

సరే, పాత సెల్స్ పక్కన పెట్టేశాను. 50ఈ 52 సెల్స్, 13ఎస్ 4పీ (13 సిరీస్, 4 పారలల్). 25 ఆంప్స్ నాలుగుగా చీలితే సెల్‌కి 6.25, దాని పరిమితి 9.8 కాబట్టి మిగులు ఉంది. మోలిసెల్ పీ42ఏ గురించి కూడా చదివాను, 45 ఆంప్స్ ఇస్తుందట. అది ఇంకా మంచిదా?

ఓమ్‌శాంతి

అది వేరే జాతి. 4200 ఎంఏహెచ్, నిరోధం 50ఈలో దాదాపు సగం. 25 ఆంప్స్ దగ్గర 1.3 వోల్టులే కుంగుతుంది. బదులుగా మీరు ఏడో వంతు దూరం వదులుకుంటారు. కంట్రోలర్ 40, 50 ఆంప్స్‌ది అయినా, ప్యాక్ చిన్నగా 2పీ లోనే ఉండాలన్నా పీ42ఏ తీసుకోమంటాను. మీకు అక్కర్లేదు. 45 ఆంప్స్ అని డబ్బా మీద ఉన్నంత మాత్రాన మీ నికెల్ పట్టీ అంత మోయలేదు కూడా.

నికెల్‌పట్టీ

ఆ చివరి వాక్యం కోసమే ఎదురుచూస్తున్నా.

మంచి సెల్స్ కొంటారు, పేరున్న బీఎంఎస్ కొంటారు, రెండింటి మధ్య ఉన్న లోహాన్ని మాత్రం ఎవరూ లెక్కేయరు. నా దగ్గరికి రిపేరుకి వచ్చే ప్యాక్‌లలో సెల్స్ వాటంతట అవే చెడిపోయినవి తక్కువ. ఒక చోట పట్టీ వేడెక్కి, దాని పక్కనున్న గ్రూపు ఏళ్ల తరబడి ఉడికి, ముందుగా ముసలిదైపోయినవే ఎక్కువ.

ముందు పట్టీ అసలుదో కాదో తేల్చుకోండి. నికెల్ పూత పూసిన ఇనుప పట్టీని అసలు నికెల్ పేరుతో అమ్మడం మామూలే. గ్రైండర్ మీద చిన్న ముక్క పెడితే ఇనుము నిప్పురవ్వలు బాగా చిమ్ముతుంది, అసలు నికెల్ చిమ్మదు. గ్రైండర్ లేకపోతే ముక్కని గీకి ఉప్పు నీళ్లలో వేసి రెండు మూడు రోజులు ఉంచండి, తుప్పు పడితే ఇనుము. ఇనుప పట్టీ నిరోధం నికెల్‌కి రెట్టింపు దాకా ఉంటుంది.

అసలు నికెల్ అయినా రాగితో పోలిస్తే కరెంటును నాలుగో వంతే బాగా తీసుకెళ్తుంది. మీ 0.15 ఇంటూ 8 పట్టీ, ఒక సెల్ మధ్య నుంచి పక్క సెల్ మధ్యకి, 22 మిల్లీమీటర్లకి సుమారు 1.3 మిల్లీ ఓమ్స్. అందులో 6.25 ఆంప్స్ వెళ్తే 0.05 వాట్ల వేడి, చేతికి తెలియను కూడా తెలియదు. 12.5 వెళ్తే 0.2 వాట్లు. 25 వెళ్తే 0.8 వాట్లు, అంత సన్నని లోహంలో, సెల్ నెత్తి మీద. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు, అదే దీని గుట్టు.

కాబట్టి ప్రశ్న ఏమిటంటే, ఒక గ్రూపు నుంచి తర్వాతి గ్రూపుకి కరెంటు ఎన్ని పట్టీల మీదుగా దాటుతోంది? నాలుగు సెల్స్‌కీ నాలుగు దారులు ఉంటే మీ పట్టీ చాలు. మీ త్రికోణంలో అలా కుదురుతుందా? లేఅవుట్ గీసి చెప్పండి.

కొత్తచక్రం

కాగితం మీద గీశాను. కింద వెడల్పుగా ఉన్నచోట వరుసలు చక్కగా నాలుగేసి వచ్చాయి. పైకి వెళ్లేకొద్దీ ఇరుకై వంగిపోతున్నాయి. 9వ గ్రూపు, 10వ గ్రూపు పక్కపక్కన తాకేది రెండే సెల్స్ దగ్గర. మిగతా రెండేసి సెల్స్ అటు చివర ఒకటి, ఇటు చివర ఒకటి. 12, 13 మధ్య కూడా ఇంచుమించు అంతే.

నికెల్‌పట్టీ

అదీ సంగతి. అక్కడ 25 ఆంప్స్ రెండు పట్టీల మీదే దాటుతోంది, ఒక్కోదాని మీద 12.5. పైగా దూరంగా ఉన్న సెల్ కరెంటు తన పొరుగువాళ్ల మీదుగా రెండు మూడు అడుగులు వేసి రావాలి. ఒక్కో అడుగుకి 1.3 మిల్లీ ఓమ్స్ చొప్పున మూడు నాలుగు మిల్లీ ఓమ్స్ అదనంగా చేరతాయి. సెల్ నిరోధమే 30 కాబట్టి దగ్గరున్న సెల్ దూరంగా ఉన్నదానికన్నా పది శాతం దాకా ఎక్కువ పనిచేస్తుంది, రోజూ. ప్రమాదమేం కాదు గానీ ఆ మూల ముందు అలసిపోతుంది.

రెండు దారులు. మొదటిది, ఆ రెండు చోట్లా నికెల్ కింద 0.1 మిల్లీమీటర్ల రాగి రేకు పెట్టి నికెల్‌తో కలిపి వెల్డ్ చేయడం. రాగిని నేరుగా వెల్డ్ చేయాలంటే చిన్న వెల్డర్లకి దమ్ము చాలదు. పైన నికెల్ ఉంటే వేడి అక్కడ పుట్టి రాగిని పట్టిస్తుంది. ముందు చచ్చిన సెల్స్ మీద ప్రాక్టీస్ చేయండి, పట్టీని ప్లయర్‌తో పీకితే వెల్డ్ చుక్క దగ్గర చిల్లు పడి రావాలి. శుభ్రంగా ఊడొస్తే అది వెల్డ్ కాదు, అతుకు. రెండో దారి, గ్రూపులని మళ్లీ గీసి చూడడం. ఇప్పటి అమరిక బదులు 9, 10 గ్రూపులని రెండు రెండుగా పేర్చి చూడండి.

మెయిన్ వైర్లు తీసే రెండు చివర్ల సంగతి మర్చిపోవద్దు. 25 ఆంప్స్ మొత్తం ఒక్క బిందువు దగ్గర కలిసేది అక్కడే. వైరుని ఒక మూల సెల్ మీద అతికించి వదిలేయకుండా నాలుగు సెల్స్ మీదుగా రాగి పట్టీ పరిచి దాని మధ్య నుంచి తీయండి.

కొత్తచక్రం

మళ్లీ గీశాను. 9, 10 గ్రూపులు ఇప్పుడు మూడు సెల్స్ దగ్గర తాకుతున్నాయి. 12, 13 మాత్రం కుదరట్లేదు, అక్కడ రాగి వేస్తాను.

రాత్రి_వెల్డర్

ఇప్పుడు నా వంతు, ఇన్సులేషన్.

18650 అయినా 21700 అయినా సెల్ డబ్బా మొత్తం నెగటివ్. పాజిటివ్ టోపీకీ డబ్బా అంచుకీ మధ్య ఉండేది ఒక సన్న గాస్కెట్, పైన కాగితం లాంటి ప్లాస్టిక్ తొడుగు, అంతే. నువ్వు పాజిటివ్ వైపు పరిచే నికెల్ పట్టీ సరిగ్గా ఆ అంచు మీదుగానే వెళ్తుంది. తొడుగు నలిగితే సెల్ తనలో తనే షార్ట్. అందుకే ప్రతి పాజిటివ్ కొనకీ ఫిష్ పేపర్ (కరెంటును ఆపే గట్టి కాగితం) రింగు అంటించు. 52 రింగులు, చిరాకు పని, మానకు.

సెల్స్‌ని జిగురుతో ఒకదానికొకటి అంటించకుండా ప్లాస్టిక్ హోల్డర్లు వాడు. చోటు కొంచెం ఎక్కువ తింటాయి, నిజమే. కానీ సైకిల్‌కి సస్పెన్షన్ ఉన్నా లేకపోయినా ప్యాక్ జీవితాంతం వణుకుతూనే ఉంటుంది. తొడుగు తొడుగుకి రాసుకుంటే ఎప్పటికైనా అరుగుతుంది. సిలికాన్ వాడితే న్యూట్రల్ క్యూర్ రకమే వాడు. వెనిగర్ వాసన వచ్చేది ఎసిటిక్ రకం, అది లోహాన్ని తినేస్తుంది. ఏది వాడినా పాజిటివ్ కొన దగ్గర గాలి బయటికి పోయే రంధ్రాలని పూడ్చకు. సెల్ లోపల ఒత్తిడి పెరిగితే తప్పించుకునే దారి అదొక్కటే.

ఇక బ్యాలెన్స్ వైర్లు, అంటే ఒక్కో గ్రూపు వోల్టేజ్‌ని బీఎంఎస్‌కి చూపించేవి. 14 సన్న వైర్లు, ఒక్కోటీ ఒక్కో వోల్టేజ్ దగ్గర, అన్నీ ప్యాక్ మీదుగా కట్టగా పాకుతూ బీఎంఎస్ దగ్గరికి వస్తాయి. మొదటి గ్రూపు వైరు పదకొండో గ్రూపు నికెల్ అంచు మీద ఆనిందనుకో, మధ్యలో ఉన్నది వైరు ప్లాస్టిక్ ఒక్కటే. ఆ నికెల్ అంచు బ్లేడు లాగే ఉంటుంది. అందుకే నికెల్ మొత్తం మీద ముందు ఫిష్ పేపర్ షీట్ పరిచి, దాని మీద వైర్లు పోనిచ్చి, కాప్టన్ టేప్‌తో కదలకుండా అంటించాలి. కాప్టన్ వేడిని తట్టుకుంటుంది గానీ చిరుగుతుంది, దాన్నొక్కదాన్నే నమ్ముకోకు.

చేతివాటం

ఇంత కష్టం ఎందుకండీ, యూఎల్ 2271 (తేలికపాటి ఎలక్ట్రిక్ బళ్ల బ్యాటరీలకి భద్రతా ప్రమాణం) సర్టిఫికెట్ ఉన్న ప్యాక్ కొనుక్కుని వెనక క్యారియర్ మీద పెట్టుకుంటే సరిపోదా? ఇంట్లో కట్టిన ప్యాక్‌కి ఏ పరీక్షా ఉండదు. విమానంలోనో కొరియర్లోనో పంపాలంటే యూఎన్ 38.3 పరీక్ష కావాలి, అదీ ఉండదు.

నికెల్‌పట్టీ

ఇది తీసేయదగ్గ మాట కాదు. కొనగలిగే ప్యాక్ బండికి సరిపోతే నేనూ కొనమనే అంటాను. ఆ పరీక్షల్లో నలగ్గొట్టడం, కింద పడేయడం, షార్ట్ చేయడం, ఓవర్‌చార్జ్ చేయడం అన్నీ ఉంటాయి, మన వల్ల కాదు. అయితే నాలుగు కిలోలు వెనక క్యారియర్ మీద పెడితే బండి తోక ఊగుతుంది, హబ్ మోటార్ బరువు కూడా వెనకే ఉంది. ఫ్రేమ్ మధ్యలో పెట్టాలన్న వారి కోరికలో న్యాయం ఉంది.

చేతివాటం

సరే, కడితే కట్టండి. కానీ బీఎంఎస్ డిశ్చార్జ్ వైపు వాడకుండా కంట్రోలర్‌ని నేరుగా బ్యాటరీకి కలపడం మేలు. ఎత్తు మధ్యలో బీఎంఎస్ కట్ చేస్తే వెనకొచ్చే వాహనం ముందు ఆగిపోతారు. కంట్రోలర్‌కి ఎలాగూ తక్కువ వోల్టేజ్ కటాఫ్ ఉంటుంది.

ఓమ్‌శాంతి

దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తున్నా. కంట్రోలర్ చూసేది మొత్తం వోల్టేజ్. పన్నెండు గ్రూపులు 3.4 దగ్గర, ఒక్కటి 2.0 దగ్గర ఉంటే మొత్తం 42.8. చాలా కంట్రోలర్ల కటాఫ్ 42 లేదా అంతకన్నా కిందే, కాబట్టి అది హాయిగా లాగుతూనే ఉంటుంది. ఆ ఒక్క గ్రూపు లోతుగా ఖాళీ అయి, లోపల రాగి కరిగి, తర్వాత చార్జ్ చేసినప్పుడు అదే షార్ట్‌కి మూలమవుతుంది. బీఎంఎస్ మధ్యలో కట్ చేస్తోందంటే మీకేదో చెప్తోందని అర్థం. 25 ఆంప్స్ కంట్రోలర్‌కి 30 కాకుండా 40 ఆంప్స్ బీఎంఎస్ పెట్టుకుంటే అనవసరంగా తెగడం ఉండదు.

అలాగని బీఎంఎస్‌ని దేవుణ్ణి చేయొద్దు. లోపల స్విచ్‌లుగా పనిచేసే మాస్‌ఫెట్‌లు చెడిపోతే ఎక్కువసార్లు ఆన్‌లోనే, కరెంటు వెళ్లేలాగే ఉండిపోతాయి. అంటే కట్ చేయాల్సిన రోజున కట్ చేయవు. అందుకే దానితో సంబంధం లేకుండా మెయిన్ పాజిటివ్ మీద ఫ్యూజ్ ఒకటి, బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఉండాలి. కార్లలో వాడే మామూలు బ్లేడ్ ఫ్యూజ్‌లు 32 వోల్టుల వరకే. మీ ప్యాక్ ఫుల్ చార్జ్‌లో 54.6. ఫ్యూజ్ తీగ కాలిపోయినా డీసీ కాబట్టి మధ్యలో మంట లాంటి ఆర్క్ ఆగకుండా నిలిచిపోగలదు. 58 లేదా 80 వోల్టుల డీసీ రేటింగ్ ఉన్నది, 40 ఆంప్స్‌ది వెతకండి.

కనెక్టర్ కలిపే క్షణంలో కంట్రోలర్ కెపాసిటర్లు ఒక్కసారిగా కరెంటు మింగుతాయి, టప్‌మని నిప్పురవ్వ వస్తుంది. ఎక్స్‌టీ90-ఎస్ కనెక్టర్‌లో దీనికోసమే 5.6 ఓమ్స్ రెసిస్టర్ ఉంటుంది. సగం దాకా దూర్చి ఒక క్షణం ఆగి పూర్తిగా నొక్కాలి.

మూడోచక్రం

రీజెన్ బ్రేకింగ్ (బ్రేక్ వేసినప్పుడు మోటారే బ్యాటరీని చార్జ్ చేయడం) ఉందా మీ కంట్రోలర్లో? ఉంటే ఒక ప్రశ్న తప్పనిసరి. ఇల్లు ఎత్తు మీద ఉండి పొద్దున్నే ఫుల్ చార్జ్‌తో దిగుతూ బ్రేక్ వేస్తే ఆ శక్తి ఎక్కడికి పోతుంది?

ఓమ్‌శాంతి

మంచి ప్రశ్న. బీఎంఎస్ చార్జ్, డిశ్చార్జ్ రెండూ ఒకే దారిలో ఉన్న రకమైతే ఫుల్ అయిన వెంటనే చార్జ్ వైపు మూసేస్తుంది. అప్పుడు మోటార్ పుట్టించే వోల్టేజ్ పోవడానికి దారి లేక కంట్రోలర్ కెపాసిటర్ల మీద పడుతుంది, కంట్రోలర్ కాలొచ్చు. రెండూ వేరే దారులున్న రకమైతే రీజెన్ కరెంటు డిశ్చార్జ్ దారిలోంచి, ఓవర్‌చార్జ్ రక్షణ లేకుండా లోపలికి వస్తుంది. రీజెన్ ఉంటే ఒకే దారి రకం తీసుకుని, సెల్‌కి 4.2 కాకుండా 4.1 వరకే, అంటే 53.3 వోల్టుల దగ్గర ఆపండి. పదో వంతు కెపాసిటీ పోతుంది, సెల్స్ ఆయుష్షు పెరుగుతుంది. ఒక్క చిక్కుంది. చాలా చవక బీఎంఎస్‌లు 4.18 దాటాక గానీ బ్యాలెన్సింగ్ మొదలుపెట్టవు, అదీ 50 మిల్లీ ఆంప్స్ లాంటి చిన్న కరెంటుతో. కాబట్టి అప్పుడప్పుడూ ఒకసారి పూర్తిగా చార్జ్ చేసి గంటల తరబడి, మీరు దగ్గరున్నప్పుడు, వదిలేయాలి. మొదలుపెట్టే వోల్టేజ్‌ని మార్చుకునే బ్లూటూత్ బీఎంఎస్ అయితే ఈ గొడవ ఉండదు.

కొత్తచక్రం

రీజెన్ లేదు, మామూలు గేర్ హబ్. అయినా బ్లూటూత్ రకమే తీసుకుంటాను, గ్రూపుల వోల్టేజ్ ఫోన్‌లో కనిపిస్తుంది కదా.

నికెల్‌పట్టీ

గేర్ హబ్ అయితే లోపల ఫ్రీవీల్ ఉంటుంది, బండి దొర్లుతున్నా చక్రం మోటార్‌ని తిప్పదు, రీజెన్ ప్రశ్నే రాదు. ఫోన్‌లో చూడాల్సింది నిలబడి ఉన్నప్పటి వోల్టేజ్ కాదు, ఎత్తు ఎక్కుతున్నప్పటి తేడా. ఎవరినైనా తోడు తెచ్చుకుని చూడమనండి, మీరు నడుపుతూ చూడొద్దు. ఏ గ్రూపు మిగతా వాటికన్నా ఎక్కువ కుంగుతోందో అక్కడ వెల్డ్ సరిగా లేదు, లేదా సెల్ బలహీనం.

మూడోచక్రం

చలి ప్రాంతంలో ఉన్నవాళ్లకి: సున్నా డిగ్రీల కింద ఏ లిథియం సెల్‌నీ చార్జ్ చేయకండి, ఎల్‌ఎఫ్‌పీ అయినా సరే. లిథియం లోహంగా మారి ఆనోడ్ మీద పేరుకుంటుంది, మళ్లీ వెనక్కి రాదు. వాడుకోవడం ఫర్వాలేదు, చార్జింగే వద్దు.

కొత్తచక్రం

సెల్స్ వచ్చాయి. అన్నీ 3.5 వోల్టుల దగ్గర ఉన్నాయి, ఒకదానికొకటి వెయ్యో వంతుల్లోనే తేడా. రింగులు అంటించి గ్రూపులుగా వెల్డ్ చేశాను, ప్లయర్ పరీక్షలో చిల్లులు పడే ఊడొచ్చాయి. 12, 13 మధ్య రాగి కూడా వేశాను. ఇప్పుడు బ్యాలెన్స్ వైర్లు అతికించాలి. బీఎంఎస్‌కి ఏది ముందు కలపాలి?

రాత్రి_వెల్డర్

బ్యాలెన్స్ కనెక్టర్‌ని బీఎంఎస్ నుంచి ఊడదీసి ఉంచి వైర్లు అతికించు. అన్నీ అయ్యాక, బీఎంఎస్‌లో గుచ్చేముందు, మీటర్ నల్ల పుల్లని మొదటి పిన్ మీద, అంటే ప్యాక్ నెగటివ్ మీద పెట్టి, ఎర్ర పుల్లని ఒక్కో పిన్ మీదా జరుపుకుంటూ పో. 3.5, 7.0, 10.5 అలా సమానంగా పెరుగుతూ చివర 45.5 రావాలి. మధ్యలో ఎక్కడైనా 7 గెంతినా, వెనక్కి తగ్గినా రెండు వైర్లు తారుమారయ్యాయి. ఆ స్థితిలో గుచ్చితే బీఎంఎస్ అక్కడికక్కడే పోతుంది, కొన్నిసార్లు వైరు కూడా ఎర్రగా కాలుతుంది. సరిగ్గా ఉంటే ముందు బీఎంఎస్ మందపాటి నెగటివ్ వైరు ప్యాక్‌కి కలిపి, ఆ తర్వాతే బ్యాలెన్స్ కనెక్టర్ గుచ్చు. విప్పేటప్పుడు దీనికి రివర్స్.

ఉంగరం, గడియారం తీసేసి చెయ్యి. మీటర్ పుల్లల మొనలకి కూడా టేపు చుట్టి చివరి రెండు మిల్లీమీటర్లు వదులు, పక్క పిన్‌కి తగలకుండా.

కొత్తచక్రం

45.5 వచ్చింది! మధ్యలో ఎక్కడా గెంతలేదు. బీఎంఎస్ కూడా లేచింది, ఫోన్‌లో పదమూడూ కనిపిస్తున్నాయి, తేడా 4 మిల్లీ వోల్టులు. హీట్ ష్రింక్ తొడిగి రెండు కొనలూ సిలికాన్‌తో సీల్ చేసేయనా? వానలో కూడా నడపాలి.

నికెల్‌పట్టీ

పూర్తిగా సీల్ చేయొద్దు. ఎంత బిగించినా వైరు వెంట తేమ లోపలికి వస్తుంది, వచ్చింది బయటికి పోలేదు. హీట్ ష్రింక్ తొడగండి, దాన్ని గట్టి పెట్టెలో కూర్చోబెట్టండి, పెట్టెకి అడుగున చిన్న రంధ్రం వదిలి వైర్లు కూడా అడుగు నుంచే బయటికి తీయండి. వైరు కనెక్టర్‌కి వెళ్లేముందు కిందికి ఒక వంపు తిరగాలి, నీటిబొట్టు అక్కడ రాలిపోతుంది. ఇప్పుడే ఫుల్ చార్జ్ చేయకుండా ఓ వారం పాటు అలాగే వదిలి మళ్లీ గ్రూపులు చూడండి. 4 మిల్లీ వోల్టులు అలాగే ఉంటే చార్జర్ పెట్టండి, మొదటి చార్జ్ మాత్రం ఇంటి బయట, మీ కళ్లెదురుగా.

కొత్తచక్రం

సరే. ఒక వారం తర్వాత రీడింగులు పెడతాను.